మాల్దీవుల పోలీసు ఎవరి మాట వినాలి? తొంభై ఏళ్ల కథ, ఇంకా తేలని సవాల్

మాల్దీవులు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి నీలం సముద్రం, నీళ్ల మీద కట్టిన గదులు, సినిమా తారల హాలిడే ఫొటోలు. ఈమధ్య అయితే "ఇండియా ఔట్" నినాదం కూడా. కానీ ఆ దేశాన్ని నిజంగా అర్థం చేసుకోవాలంటే అక్కడి పోలీసుల చరిత్ర చదవాలి. గత ఇరవై ఏళ్లలో అక్కడ జరిగిన ప్రతి పెద్ద మలుపులో, ప్రభుత్వం పడిపోయినా, ఎన్నిక ఆగిపోయినా, కోర్టు తీర్పు అమలు కాకపోయినా, మధ్యలో పోలీసు కనిపిస్తాడు.

ఏటా మార్చి 29న మాల్దీవుల్లో పోలీసు దినోత్సవం జరుపుకుంటారు. 1933లో అదే తేదీన అక్కడ పోలీసు వ్యవస్థ మొదలైంది. అంటే ఇంకొన్నేళ్లలో నూరేళ్లు నిండుతాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక ప్రశ్నకు మాత్రం పూర్తి జవాబు దొరకలేదు. పోలీసు ఎవరి మాట వినాలి? ప్రెసిడెంట్ మాటా? కోర్టు మాటా? చట్టం మాటా? ఇది మాల్దీవుల ప్రశ్న మాత్రమే కాదు, మనది కూడా. అందుకే ఈ కథ వివరంగా చూద్దాం.

ముందు దేశం సంగతి

దాదాపు 1,190 దీవులు. వాటిలో జనం ఉండేవి రెండు వందల లోపే. మొత్తం భూమి కలిపితే సుమారు 300 చదరపు కిలోమీటర్లు, అంటే మన జీహెచ్ఎంసీ పాత పరిధిలో సగం కూడా ఉండదు. కానీ ఆ కాస్త భూమి ఉత్తరం నుంచి దక్షిణం దాకా 800 కిలోమీటర్లకు పైగా సముద్రంలో ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉంటున్నవాళ్లు, విదేశీ కార్మికులతో కలిపి, ఐదు లక్షల పైచిలుకు. వాళ్లలో పెద్ద వాటా రాజధాని మాలెలోనే.

భాష ధివేహి. రాసే లిపి పేరు తానా. ఉర్దూలాగే కుడి నుంచి ఎడమకు రాస్తారు. దేశాన్ని వాళ్లు "ధివేహి రాజ్జె" అంటారు. రాజ్జె అంటే మన "రాజ్యం" అనే మాటే. పోలీసులను "ఫులుహున్" అంటారు.

పోలీసులు రాకముందు చాలా కాలం ఒక్కో దీవిలో పెద్దదిక్కు "కతీబ్". ఈ మాట మనకు కొత్తది కాదు, జుమా ఖుత్బా చదివే ఖతీబ్ అనే మాట నుంచే వచ్చింది. తగాదాలు, చిన్న నేరాలు, సర్కారుకు కబురు పంపడం అన్నీ ఆయన చేతుల మీదుగానే జరిగేవి. పెద్ద నేరం చేసినవాణ్ని జైల్లో పెట్టే బదులు దూరంగా ఉన్న వేరే దీవికి పంపేసేవాళ్లు. ఈ దీవి బహిష్కరణ శిక్ష మొన్న మొన్నటి దాకా కొనసాగింది. రాజకీయంగా నచ్చనివాళ్లను కూడా ఇలాగే పంపేవాళ్లు.

రాజ్యాంగంతో పుట్టింది, సైన్యంలో కలిసిపోయింది

1932 డిసెంబర్‌లో మాల్దీవులకు మొదటి లిఖిత రాజ్యాంగం వచ్చింది. అప్పుడు దేశం బ్రిటిష్ రక్షణ కింద ఉంది, గద్దె మీద సుల్తాన్ మూడో షంసుద్దీన్ ఉన్నాడు. ఆ రాజ్యాంగం వచ్చిన కొన్ని నెలలకే పోలీసు మొదలైంది. అంటే పుట్టుక మంచిదే. రాజుగారి ఇష్టం బదులు రాసిపెట్టిన చట్టం ఉండాలన్న ఆలోచనలోంచే ఆ పోలీసు వచ్చాడు. కానీ సుల్తాన్‌ను 1934లో గద్దె దింపేశారు. రాజ్యాంగం కూడా నిలకడగా నిలబడలేదు.

1965 జులై 26న దేశానికి పూర్తి స్వాతంత్ర్యం వచ్చింది. 1968లో సుల్తాన్ పాలన పోయి రిపబ్లిక్ అయింది. 1978లో మామూన్ అబ్దుల్ గయూమ్ ప్రెసిడెంట్ అయ్యాడు, ముప్పై ఏళ్లు అదే కుర్చీలో ఉన్నాడు. ఆయన కాలంలో నేషనల్ సెక్యూరిటీ సర్వీస్, క్లుప్తంగా ఎన్ఎస్ఎస్ అనే ఒకే సంస్థ అన్నీ చూసేది. సరిహద్దు కాపలా వాళ్లదే, పోలీసు పని వాళ్లదే, జైళ్ల కాపలా కూడా వాళ్లదే.

చిన్న దేశం, డబ్బు తక్కువ, వేర్వేరు సంస్థలు ఎందుకు అనే వాదన ఉండొచ్చు. 1988 నవంబర్ 3న శ్రీలంక తమిళ మిలిటెంట్ సంస్థ ప్లాట్‌కు చెందిన సాయుధులు మాలె మీద దాడి చేసి ప్రభుత్వాన్ని కూలదోయాలని చూశారు. ఎన్ఎస్ఎస్ వాళ్లు తమ ప్రధాన కార్యాలయంలోంచి గంటల తరబడి తట్టుకుని నిలబడ్డారు. ఆ రాత్రే భారత సైన్యం ఆగ్రా నుంచి విమానాల్లో దిగి ప్రభుత్వాన్ని కాపాడింది. దాన్నే మనం ఆపరేషన్ కాక్టస్ అంటాం.

శత్రువుతో కొట్లాడటానికి తయారైన సిపాయినే దొంగతనం కేసు విచారణకు పంపితే ఏమవుతుంది? సిపాయికి నేర్పేది ఎదుటివాడు శత్రువు అని. పోలీసుకు నేర్పాల్సింది ఎదుటివాడు పౌరుడు అని. ఈ రెండూ ఒకే యూనిఫాంలో ఇమడవు. అది 2003లో బయటపడింది.

ఒక తల్లి చేసిన పని

2003 సెప్టెంబర్ 19న మాఫుషి జైల్లో ఎవాన్ నసీమ్ అనే 19 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. భద్రతా సిబ్బంది కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. ఆ వార్త తెలిసి జైల్లో ఖైదీలు తిరగబడ్డారు. సిబ్బంది కాల్పులు జరిపారు, మరికొందరు ఖైదీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఎంతోమంది గాయపడ్డారు.

ఇలాంటి సంఘటనలు అంతకుముందు జరగలేదని కాదు. తేడా ఎక్కడంటే, ఎవాన్ తల్లి మౌనంగా దఫన్ చేసి ఇంటికి వెళ్లిపోలేదు. కొడుకు ఒంటి మీద గాయాలను జనం చూడాలని పట్టుబట్టింది. జనం చూశారు. మాలె వీధులు భగ్గుమన్నాయి, ప్రభుత్వ భవనాలకు నిప్పు పెట్టారు. పాతికేళ్లుగా గట్టిగా మాట్లాడని ఊరు ఒక్క రోజులో రోడ్డెక్కింది. తర్వాత విచారణ కమిషన్ వేశారు, సిబ్బందిలో కొందరికి శిక్షలు కూడా పడ్డాయి.

ఏడాది తిరక్కుండానే 2004 ఆగస్టు 12, 13 తేదీల్లో మాలెలోని జుమ్హూరీ మైదాన్‌లో వేలమంది చేరి సంస్కరణలు కావాలని, అరెస్టయినవాళ్లను వదలాలని అడిగారు. ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టి వందల మందిని పట్టుకుపోయింది. దాన్ని అక్కడివాళ్లు ఇప్పటికీ బ్లాక్ ఫ్రైడే అంటారు.

మూడు వారాలు కూడా గడవకముందే, 2004 సెప్టెంబర్ 1న, పోలీసును ఎన్ఎస్ఎస్ నుంచి విడదీశారు. హోం శాఖ కింద మాల్దీవ్స్ పోలీస్ సర్వీస్ అనే పౌర సంస్థ ఏర్పడింది. మొదటి కమిషనర్ ఆదమ్ జాహిర్. తర్వాత 2006లో మిగిలిన ఎన్ఎస్ఎస్ పేరు మార్చుకుని నేషనల్ డిఫెన్స్ ఫోర్స్ అయింది. అదే కాలంలో పోలీసుల మీద ఫిర్యాదులు చూడటానికి పోలీస్ ఇంటెగ్రిటీ కమిషన్ వచ్చింది. 2008లో పోలీసు చట్టం, అదే ఏడాది ఆగస్టులో కొత్త రాజ్యాంగం వచ్చాయి. అక్టోబర్‌లో జరిగిన మొదటి బహుళపార్టీ ప్రెసిడెంట్ ఎన్నికలో గయూమ్ ఓడిపోయాడు. ఒకప్పుడు అదే జైళ్లలో మగ్గిన ముహమ్మద్ నషీద్ గెలిచాడు.

కాగితం మీద చూస్తే అన్నీ సరిపోయాయి. విడి సంస్థ ఉంది, విడి చట్టం ఉంది, తనిఖీ చేసే కమిషన్ ఉంది. బీకాంలో మాకు ఆడిట్ పాఠం చెప్పినప్పుడు ఒక మాట అనేవాళ్లు: పుస్తకాలు సరిగ్గా రాసినంత మాత్రాన వ్యాపారం సరిగ్గా ఉందని కాదు. మాల్దీవుల పోలీసు విషయంలో ఆ తేడా బయటపడటానికి నాలుగేళ్లు కూడా పట్టలేదు.

2012: పోలీసు మాట వినని రోజు

2012 జనవరిలో నషీద్ ప్రభుత్వం క్రిమినల్ కోర్టు చీఫ్ జడ్జి అబ్దుల్లా ముహమ్మద్‌ను సైన్యంతో అరెస్టు చేయించింది. ఆ జడ్జి పాత ప్రభుత్వం మనుషులను కాపాడుతున్నాడన్నది నషీద్ ఆరోపణ. ఆరోపణ ఏదైనా, ఒక జడ్జిని సైన్యంతో పట్టించడం పెద్ద తప్పటడుగు. రాత్రుళ్లు నిరసనలు మొదలై మూడు వారాలు సాగాయి.

ఫిబ్రవరి 6 అర్ధరాత్రి దాటాక పోలీసులోని స్పెషల్ ఆపరేషన్స్ సిబ్బంది ఆదేశాలు పాటించకుండా తిరగబడి జుమ్హూరీ మైదాన్‌లో గుమిగూడారు. తెల్లారేసరికి నిరసనకారులు, పోలీసులు ఒకవైపు, సైన్యం ఇంకోవైపు. సైన్యంలోంచి కూడా కొందరు ఇటు వచ్చేశారు. ప్రభుత్వ టీవీ చేతులు మారింది. ఫిబ్రవరి 7 మధ్యాహ్నం నషీద్ రాజీనామా చేశాడు, వైస్ ప్రెసిడెంట్ ముహమ్మద్ వహీద్ హసన్ ప్రమాణం చేశాడు. తుపాకీ చూపించి రాజీనామా చేయించారని మర్నాడు నషీద్ అన్నాడు.

అదే ఫిబ్రవరి 8న నషీద్ మద్దతుదారులు ఊరేగింపు తీస్తే పోలీసులు విచక్షణ లేకుండా చితకబాదారు. ఆ కోపంతో దక్షిణాన అడ్డూలోనూ మరికొన్ని దీవుల్లోనూ జనం పోలీసు, కోర్టు భవనాలకు నిప్పు పెట్టారు.

సింగపూర్ మాజీ జడ్జి సెల్వం సహాధ్యక్షుడిగా ఉన్న విచారణ కమిషన్ ఆగస్టు చివర్లో నివేదిక ఇచ్చింది. అది తిరుగుబాటు కాదు, నషీద్ తనంతట తానే రాజీనామా చేశాడని తేల్చింది. నషీద్ పార్టీ దీన్ని గట్టిగా తప్పుబట్టింది. కానీ పోలీసులు జనం మీద జులుం చేశారని, దానికి జవాబుదారీ ఉండాలని ఆ నివేదికే చెప్పింది. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కూడా అదే మాట అంది. అయినా కోర్టు దాకా వెళ్లిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

సైన్యం నుంచి విడదీస్తే పోలీసు పౌరుడి మనిషి అవుతాడనుకున్నారు. విడదీసిన ఎనిమిదేళ్లకు ఆ పోలీసే రాజకీయ ఆటగాడు అయ్యాడు. తమ మీద ఎవరూ చెయ్యి వేయలేరని సిబ్బందికి తెలిసిపోయింది.

2013: బ్యాలెట్ పెట్టెల ముందు నిలబడ్డ పోలీసు

2013 సెప్టెంబర్ 7న జరిగిన ప్రెసిడెంట్ ఎన్నిక మొదటి రౌండ్‌లో నషీద్ ముందున్నాడు. ఓటర్ల జాబితాలో అక్రమాలు జరిగాయని మూడో స్థానంలో వచ్చిన అభ్యర్థి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. కోర్టు ఆ రౌండ్‌ను రద్దు చేసింది. దానికి ఆధారం ఏంటంటే, 5,600కు పైగా ఓట్లలో తేడా ఉందని చెప్పే ఒక రహస్య పోలీసు నివేదిక. ఆ నివేదికను ఎన్నికల సంఘానికి కూడా చూపించలేదు. బయటి దేశాల పరిశీలకులేమో ఎన్నిక బాగా జరిగిందనే చెప్పారు.

మళ్లీ అక్టోబర్ 19న పోలింగ్ పెట్టారు. ఆ రోజు తెల్లవారుజామున ఎన్నికల సంఘం సిబ్బంది పోలింగ్ సామాగ్రితో బయల్దేరబోతే పోలీసులు గేటు దగ్గరే ఆపేశారు. అభ్యర్థులందరూ ఓటరు జాబితా మీద సంతకం పెట్టాలని కోర్టు చెప్పింది, ఇద్దరు పెట్టలేదు కాబట్టి పోలింగ్ జరగనివ్వం అన్నారు. చివరికి నవంబర్‌లో ఎన్నిక జరిగి అబ్దుల్లా యమీన్ స్వల్ప తేడాతో గెలిచాడు. ఈయన గయూమ్ తమ్ముడే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2012లో పోలీసులు ఆదేశాన్ని కాదన్నారు. 2013లో కోర్టు ఆదేశం పేరు చెప్పుకునే ఎన్నికను ఆపారు. కోర్టు మాట వినడం మంచిదే కదా అంటారా? అయితే 2018 చూద్దాం.

2018: కోర్టు మాట వింటానంటే కుర్చీ పోయింది

2018 ఫిబ్రవరి 1 రాత్రి సుప్రీంకోర్టు ఎవరూ ఊహించని తీర్పు ఇచ్చింది. నషీద్‌తో సహా తొమ్మిది మంది ప్రతిపక్ష నాయకుల మీద కేసులు రాజకీయ ప్రేరితమని, వాళ్లను విడుదల చేయాలని చెప్పింది. తీర్పును అమలు చేస్తామని పోలీసు శాఖ ప్రకటించింది. కొద్ది గంటల్లో కమిషనర్ అహ్మద్ అరీఫ్‌ను ప్రెసిడెంట్ యమీన్ తీసేశాడు. ఆ స్థానంలో వచ్చిన అహ్మద్ సౌదీని రెండు రోజుల్లో పంపించేశాడు. తర్వాత అబ్దుల్లా నవాజ్ వచ్చాడు. రెండు మూడు రోజుల్లో ముగ్గురు కమిషనర్లు!

ఫిబ్రవరి 5న ఎమర్జెన్సీ ప్రకటించారు. చీఫ్ జస్టిస్ అబ్దుల్లా సయీద్‌ను, మరో జడ్జిని అరెస్టు చేశారు. ముప్పై ఏళ్లు దేశాన్ని ఏలిన గయూమ్‌ను కూడా పట్టుకుపోయారు. ఒకప్పుడు ఆయన ఆజ్ఞ కోసం ఎదురుచూసిన వ్యవస్థే ఆయన ఇంటి తలుపు తట్టింది. బయట మిగిలిన ముగ్గురు జడ్జిలు తొమ్మిది మందిని వదలమన్న ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి లోపం ఎక్కడుందో అర్థమవుతుంది. కమిషనర్‌ను పెట్టేది ప్రెసిడెంటే, తీసేసేదీ ప్రెసిడెంటే. ఫలానా కాలం దాకా తీసేయకూడదన్న గట్టి రక్షణ లేనప్పుడు చట్టం మాట వినాలనుకున్న అధికారికి కూడా దారి మూసుకుపోతుంది. అదే సమయంలో కింది స్థాయిలో జులుం చేసినవాడికి శిక్ష పడదు. పైవాడికి రక్షణ లేదు, కిందివాడికి భయం లేదు. ఈ రెండూ కలిస్తే పోలీసు ఎప్పుడూ గెలిచేవాడి పక్షానే ఉంటాడు.

మధ్యలో నలిగిపోయింది ఎవరు?

ఈ కుర్చీలాటలో అసలు పోలీసు పని వెనకబడింది. 2014 ఆగస్టు 8న అహ్మద్ రిల్వాన్ అనే యువ జర్నలిస్టు కనిపించకుండా పోయాడు. ఆ రాత్రి ఒకరిని బలవంతంగా కారులోకి లాగడం చూశామని ఇరుగుపొరుగు వాళ్లు పోలీసులకు చెప్పారు. అయినా దర్యాప్తు నత్తనడక నడిచింది. నాలుగేళ్ల తర్వాత నిందితులను వదిలేస్తూ కోర్టు పోలీసుల దర్యాప్తులో నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపింది. రిల్వాన్ కోసం గొంతెత్తిన అతని స్నేహితుడు, బ్లాగర్ యమీన్ రషీద్‌ను 2017 ఏప్రిల్‌లో సొంత ఇంటి మెట్ల మీద పొడిచి చంపారు. తనకు బెదిరింపులు వస్తున్నాయని ఆయన ముందే పోలీసులకు ఫిర్యాదు చేశాడు.

ఇవి మతం పేరు చెప్పుకునే తీవ్రవాద ముఠాల పని అని తర్వాత విచారణలో బయటికొచ్చింది. 2019లో అప్పటి కమిషనర్ ముహమ్మద్ హమీద్ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం, దీన్ పేరుతో మనిషిని చంపడానికి వెనకాడని స్థితికి చేరినవాళ్లు దేశంలో 1,400 మంది దాకా ఉన్నారు. 2021 మే 6న నషీద్ మీద బాంబు దాడి జరిగింది, చావు అంచు దాకా వెళ్లి బతికాడు.

వంద శాతం ముస్లిం పౌరులున్న దేశం అది. అక్కడ ఈ ముఠాలు చంపింది ముస్లింలనే. ప్రతిపక్షాల ఊరేగింపులను కాపలా కాయడానికి సరిపోయిన సిబ్బంది, చంపుతామని బెదిరింపులు అందుకున్న ఒక కుర్రాణ్ని కాపాడటానికి సరిపోలేదు.

హైదరాబాద్‌తో లింకు

ఈ కథకు మన ఊరితో సూటి సంబంధం ఉంది. మాల్దీవుల దక్షిణ కొస, అడ్డూ సిటీలో భారత ప్రభుత్వ సాయంతో నేషనల్ కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ కట్టారు. 2022 మార్చిలో విదేశాంగ మంత్రి జైశంకర్ వెళ్లినప్పుడు దాన్ని ప్రారంభించారు. ఆ సందర్భంగానే ఆ కాలేజీకీ, మన హైదరాబాద్‌లో శివరాంపల్లి దగ్గరున్న సర్దార్ వల్లభాయ్ పటేల్ నేషనల్ పోలీస్ అకాడమీకీ మధ్య శిక్షణ ఒప్పందం కుదిరింది. అరవైకి పైగా దీవుల్లో పోలీసు భవనాలకు కూడా భారత్ రుణసాయం ప్రకటించింది.

కానీ అడ్డూ కాలేజీ మీద అక్కడ పెద్ద గొడవ నడిచింది. అంత పెద్ద భవనం ఎందుకు, అందులో భారత సిబ్బంది మకాం పెడతారా అని "ఇండియా ఔట్" ప్రచారంలో అడిగారు. అది శిక్షణ కేంద్రం మాత్రమేనని అప్పటి సోలిహ్ ప్రభుత్వం చెప్పింది. 2023లో ముహమ్మద్ ముయిజ్జు గెలిచాడు, 2024 మే 10 లోపు భారత సైనిక సిబ్బంది వెనక్కి వచ్చేశారు.

అడ్డూకు ఇంకో గతం ఉంది. 1959లో అడ్డూ, పక్క దీవులు కలిసి మాలె నుంచి విడిపోయి సువదీవ్ రిపబ్లిక్ అని ప్రకటించుకున్నాయి. మాలె ప్రభుత్వం బలప్రయోగంతో అణచింది. 1962లో తినదూ దీవిని ఖాళీ చేయించారు. రాజధాని నుంచి యూనిఫాం వేసుకుని వచ్చేవాళ్ల మీద దక్షిణాది జనానికి అనుమానం అప్పటిది. ఎవరు డబ్బు పెట్టారన్నది ఒక ప్రశ్న. అందులో చదివి బయటికొచ్చే కానిస్టేబుల్ ఎవరి మాట వింటాడన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

మనకు ఇందులో ఏముంది?

శిక్షణ ఇచ్చే దేశంగా మనమూ అద్దంలో చూసుకోవాలి. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చింది. డీజీపీకి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలి, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయాలి, ఫిర్యాదుల అథారిటీ పెట్టాలి. మాల్దీవుల్లో పోలీస్ ఇంటెగ్రిటీ కమిషన్ వచ్చిందీ ఆ కాలంలోనే. రెండు చోట్లా కాగితం బాగుంది. రెండు చోట్లా అమలు దగ్గరే పేచీ. కస్టడీలో మనిషి చనిపోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలన్న నియమం 1993 నుంచి ఉంది. అయినా లాకప్ మరణాల వార్తలు ఆగలేదు. పాతబస్తీలో అయినా, పల్లెలో అయినా, స్టేషన్ మెట్లెక్కడానికి పేదవాడు ఇప్పటికీ ఒక తెలిసినవాణ్ని వెంటపెట్టుకునే వెళ్తాడు.

మాల్దీవుల అనుభవం మూడు విషయాలు చెబుతోంది. ఒకటి, సైన్యాన్నీ పోలీసునూ విడదీయడం అవసరమే గానీ అక్కడితో పని అయిపోదు. రెండు, పై అధికారికి పదవీకాలం రక్షణ లేకపోతే చట్టబద్ధమైన ఆదేశాన్ని కూడా అమలు చేయలేడు. మూడు, కింది సిబ్బంది చేసిన జులుంకు శిక్ష పడకపోతే, రేపు వాళ్లు ప్రభుత్వం మాట కూడా వినరు. చివరి రెండూ కలిపే చేయాలి. రక్షణ ఇచ్చి జవాబుదారీ పెట్టకపోతే 2012 వస్తుంది. జవాబుదారీ పేరు చెప్పి పగ్గాలన్నీ ఒక్క ప్రెసిడెంట్ చేతిలో పెడితే 2018 వస్తుంది.

సంస్కరణలన్నీ మొదలైంది ఏదో కమిటీ గదిలో కాదు. కొడుకు గాయాలు జనం చూడాలని ఒక తల్లి పట్టుబట్టినందుకు మొదలయ్యాయి. మాల్దీవుల పోలీసు నూరేళ్ల పండుగ చేసుకునే 2033 మార్చి 29 నాటికి, ఇన్సాఫ్ కోసం అలాంటి పరిస్థితి ఇంకో తల్లికి రాకుండా చేయగలిగితే ఆ పండుగకు అర్థం ఉంటుంది. హైదరాబాద్ అకాడమీలో వాళ్లకు పాఠాలు చెప్పే మనకు కూడా అదే పరీక్ష.